దుబాయి కారూ, నేను కలిపిన చుట్టరికమూ

నేను కారు కొనబోయి మోసపోయిన కథ టెక్కలిలో తెలియనివాళ్లు లేరు. నా ఎరువుల కొట్టుకి వచ్చిన ప్రతి రైతుకీ నేనే చెప్పాను. దుబాయి నుంచి ఎవడో మాట్లాడాడని, మా బంధువునని నమ్మించాడని, లేని కారు అమ్మి డబ్బు పట్టుకుపోయాడని చెప్పాను. విన్నవాళ్లు అయ్యో అన్నారు. ఒకాయన జాలిపడి టీ కూడా తాగించాడు.

ఆ కథలో ఒక్క మాట నేను మింగేశాను. ఆ మాట మింగినందుకు ఒక అమ్మాయి పెళ్లి ఆగిపోబోయింది, ఏ పాపమూ ఎరగని ఆమె అన్న దొంగ అనిపించుకున్నాడు. కారు ప్రమాదాలు మీరు చాలా చూసి ఉంటారు. కారు లేకుండా జరిగిన కారు ప్రమాదం బహుశా ఇదొక్కటే. నడిపింది నేనే కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను.

ముందు నా తెలివి గురించి చెప్పాలి. నకిలీ విత్తనాల ప్యాకెట్టుని పట్టుకోవడంలో చుట్టుపక్కల నన్ను మించినవాడు లేడని నాకు గట్టి నమ్మకం. సీలు వంకరగా ఉందా, అచ్చు మసకగా ఉందా అని గోరుతో గీకి చూసి రైతులకు ఉపన్యాసం ఇచ్చేవాడిని. సగం ధరకి వస్తోందంటే అనుమానించండి, ఊరూ పేరూ తెలియనివాడి దగ్గర కొనకండి అనేవాడిని. ఆ ఉపన్యాసం నేను కూడా కాస్త వినుంటే బాగుండేది.

పోయిన ఖరీఫుకి ముందు, మా ఎదురు కొట్టాయన కారు కొన్నాడు. కొన్నవాడు ఇంట్లో పెట్టుకోవచ్చు కదా, సరిగ్గా నా కొట్టు గుమ్మానికి ఎదురుగా నిలిపేవాడు. రోజంతా ఆ బంపరు నన్ను చూసి పళ్లికిలించేది. ఆ మంటలో ఉండగా ఫోనులో ఒక ప్రకటన కనిపించింది. పెద్ద తెల్ల కారు, పెళ్లికొడుకులా ముస్తాబై నిలబడింది. ధర సగానికి సగం. యజమాని దుబాయిలో ఉద్యోగం మానేసి వచ్చేస్తున్నాడట. కారుని ఓడలో విశాఖపట్నం పంపించి, అక్కడ విడిపించుకున్నవాళ్లకి ఇచ్చేస్తాడట. ఫోటోలో నంబరు ప్లేటు చెరిపేసి ఉంది. బంపరుకి మాత్రం నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ గుచ్చిన దండ వేలాడుతోంది.

ఆ దండే నన్ను పడగొట్టింది. బుర్ర ఉన్నవాడైతే, దుబాయిలో ఉన్న కారుకి నిమ్మకాయ ఎవడు కట్టాడు, ఈ ఫోటో మన ఊరి పెట్రోలు బంకులో తీసింది కాదు కదా అని ఆలోచిస్తాడు. నేను మాత్రం ఎడారిలో ఉన్నా మన పద్ధతి మరిచిపోలేదని కళ్లు తుడుచుకుని ఫోను చేశాను.

ఇక్కడ మా జిల్లా అలవాటు ఒకటి చెప్పాలి. బస్సులో పక్క సీట్లో ఎవరు కూర్చున్నా పేరు తర్వాత అడుగుతాం, ముందు ఏ ఊరు, ఎవరింటివాడు అని మొదలుపెడతాం. దిగేలోపు ఏదో ఒక చుట్టరికం తేలకపోతే ఇద్దరికీ చిన్నతనం. తేలిన తర్వాత ఆ మనిషిని కాగితాలు చూపించమనడం అంతకన్నా చిన్నతనం. ఇప్పుడు మా సంభాషణ వినండి. నేను ఊరందరికీ చెప్పనిది ఇదే.

"నాను టెక్కలి నుంచి మాటాడతన్నాను. మీదేవూరు బాబూ?"

"మాదీ అటువైపే సర్." గొంతు టీవీ వార్తలు చదివేవాడిలా ఉంది.

"అటంటే ఎటు? భావనపాడు రోడ్డా?"

"ఆ రోడ్డే సర్."

"ఉండుండు. కొంపదీసి దాలినాయుడు మావ కొడుకు సూర్యానివేటి? ఆడూ దుబాయిలోనే ఉన్నాడు."

అవతల కాసేపు చప్పుడు లేదు. గాలం వేసినవాడు, చేప దానంతటది బుట్టలోకి దూకితే అలాగే నిర్ఘాంతపోతాడు. నేను మాత్రం కుర్రాడు సిగ్గుపడుతున్నాడనుకున్నాను.

"ఎలా గుర్తుపట్టేశారు సర్?"

"సర్రేటిరా, బావని పట్టుకుని. గొంతు మారిపోనాదేటి?"

"ఏసీ గాలి బావా."

దాలినాయుడు మావ మాకు దూరపు బంధువు. భావనపాడు దారిలో పొలం చేసుకుంటాడు. కొడుకు సూర్యం దుబాయిలో వెల్డింగు పని చేస్తాడు. నేను సూర్యాన్ని ఆఖరుసారి చూసినప్పుడు వాడికింకా మీసం రాలేదు కనక గొంతు పోల్చుకునే ప్రశ్నే లేదు. చెల్లెలు కుమారికి బొబ్బిలి సంబంధం మాట్లాడుతున్నారని మాత్రం నాకు తెలుసు. ఆ సంగతి కూడా నేనే ఎత్తాను. చెల్లి పెళ్లి కోసమే వచ్చేస్తున్నావా అన్నాను.

"అందుకే బావా. ఇంట్లో సెప్పకు. ఒక్కసారి దిగిపోయి అందరినీ అదరగొట్టీవాలని."

చూశారా, రెండు నిమిషాల్లో "చెప్పకు" పోయి "సెప్పకు" వచ్చేసింది. నా భాష నాకే తిరిగి అమ్మాడు. నేను బేరం కూడా ఆడలేదు.

శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి స్వాతి ఫోటో చూసి, "దుబాయిలో స్టీరింగు ఎడం పక్కనుంటాది కదా నాన్నా, దీనికి కుడి పక్కనున్నాదేటి?" అంది. ఫోను చేసి అడిగాను. అవతలివాడు తడబడుతుంటే, పాపం వాడికి ఇబ్బంది ఎందుకని, "మనూళ్లో తిరగాలని ముందే మార్పించీసినావేటి?" అని నేనే అందించాను. అవునన్నాడు. అంతేకాదు, ఆ మార్పించిన ఖర్చు కూడా అడిగాడు. పంపాను. అంతకుముందే అడ్వాన్సు పంపాను. తర్వాత ఓడరేవులో విడిపించే ఖర్చూ పంపాను. ఏ ఖాతా మీదా సూర్యం పేరు లేదు. వీడియోలో కారు చూపించమని స్వాతి అంటే, చుట్టాలని అలా అనుమానించకూడదని కసిరాను. సీజనుకి విత్తనాలు దించుకోవాల్సిన డబ్బంతా అలా సముద్రం దాటింది. దాటిందో, పక్క వీధిలోనే దిగిందో ఇప్పటికీ తెలియదు.

కారు దిగిందని కబురు రాగానే పూలదండా, కొబ్బరికాయా పట్టుకుని విశాఖపట్నం వెళ్లాను. ఓడరేవు గేటు దగ్గర కాపలా మనిషి కంటైనరు నంబరు అడిగాడు. నంబరు లేదండి, దాలినాయుడు గారి అబ్బాయి కారండి అన్నాను. ఆయన నా చేతిలో కొబ్బరికాయ వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, ఆసుపత్రి గుమాస్తాలకి ఉండే నిదానం ఉంది.

"ఫోన్లో కొన్నావా?"

"మా సొంత బావమరిదండి."

"పెతోడూ అదే అంటాడు. ఎల్లి పోలీసులకి సెప్పుకో."

ఫోను చేస్తే నంబరు పని చేయడం లేదు. నేను పోలీసుల దగ్గరికి వెళ్లలేదు. బస్సెక్కాను. ఆనందపురం దాటేసరికి ఏడుపొచ్చింది. రణస్థలం దాటేసరికి ఏడుపు కోపమైంది. టెక్కలిలో దిగి ఆటో ఎక్కేసరికి ఆ కోపానికి దాలినాయుడు మావ ఇల్లు తప్ప ఇంకేమీ కనబడలేదు.

ఇంటి ముందు చెప్పులు చాలా ఉన్నాయి. నా కళ్లకి అవి ఆనలేదు. వీధిలోంచే అరుస్తూ వెళ్లాను. "మావా, నీ కొడుకు నన్ను నిలువునా ముంచీసాడు. లేని కారు సూపించి నా కొట్టు ఊడ్చీసాడు. మీ ఇల్లు దొంగలిల్లని నాకు తెలీదు." ఇంకా చాలా అన్నాను. నా గొంతు ఎంత పెద్దదో ఆ రోజే నాకు తెలిసింది.

అరుగెక్కాక చూశాను. చాప మీద బొబ్బిలి వాళ్లు కూర్చుని ఉన్నారు. మధ్యలో పళ్లెంలో తాంబూలాలు. గుమ్మం వెనక కొత్త చీరలో కుమారి నిలబడిపోయింది. అందరూ నన్నే చూస్తున్నారు. పెళ్లికొడుకు తండ్రి బెల్లం వ్యాపారి, మాట పొదుపు మనిషి. ఆయన పళ్లెం మీదున్న చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

దాలినాయుడు మావ లేచి నా దగ్గరికొచ్చాడు. గొంతు పెంచలేదు. "నాను సూర్యాన్ని, దాలినాయుడు కొడుకుని అని ఆడే నీకు సెప్పాడా? సూసుకుని సెప్పు నాయనా."

నిజం చెప్పడానికి ఇంతకన్నా మంచి అవకాశం ఏ మనిషికీ రాదు. లేదు మావా, ఆ పేరు నేనే వాడి నోట్లో పెట్టాను అంటే సరిపోయేది. కానీ ఇంతమందిలో, నకిలీని గోరుతో గీకి చెప్పే నేను, అంత మూర్ఖుణ్ణని ఒప్పుకోవడం ఎలా?

"సెప్పాడు," అన్నాను. "కుమారి సంబంధం సంగతి కూడా ఆడే సెప్పాడు."

సూర్యానికి ఫోను చేశారు. పనిలో ఉన్నాడేమో, ఎత్తలేదు. బొబ్బిలి పెద్దాయన కండువా సర్దుకుని, మళ్లీ కబురు చేస్తామని లేచాడు. కుమారి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

సాయంత్రం సూర్యం మాట్లాడాడు. తనకి కారు లేదని, కంపెనీ బస్సులో పనికి వెళ్తానని ప్రమాణం చేశాడు. కానీ ఇప్పుడు చిక్కు అది కాదు. సూర్యం కాకపోతే మరి ఆ దొంగకి సూర్యం పేరు, తండ్రి పేరు, చెల్లి సంబంధం ఎలా తెలిశాయి? సూర్యమే చెప్పి ఉండాలి, వాటా ఉండి ఉండాలి అని బొబ్బిలిలో అనుకున్నారట. ఎంత సూటిగా ఆలోచించారో చూడండి. అందులో తప్పల్లా నా అబద్ధమే. పిల్లనివ్వాల్సిన ఇంట్లో దొంగ ఉన్నాడా లేడా తేలేవరకు మాట ముందుకి సాగదని కబురు పంపారు.

ఆ రోజుల్లో మా ఆవిడ నాగమణి రోజూ తనే దగ్గరుండి వడ్డించేది. ఆవిడ తిట్టలేదు. కూర వేస్తూ ఒక్క ప్రశ్న అడిగేది. "కుమారి సంగతి ఆడికెవులు సెప్పుంటారంటావు?" నేను మజ్జిగ కావాలనేవాణ్ణి. మా ఇంట్లో అంత మజ్జిగ ఎప్పుడూ ఖర్చు కాలేదు.

చివరికి ఆవిడే నన్ను పోలీసు స్టేషనుకి లాక్కెళ్లింది. అక్కడి ఉద్యోగి కుర్చీ చూపించి, మొదటినుంచి ఎవరు ఏమన్నారో అదే వరసలో చెప్పమన్నాడు. నేను చెప్పడం మొదలుపెట్టాను. అబద్ధం ఎక్కడ అతికించాలో తెలియక, జరిగినట్టే చెప్పుకుపోయాను. ఆయన రాయడం ఆపి నన్ను చూశాడు.

"ఊరు మీరు చెప్పారు. రోడ్డు మీరు చెప్పారు. పేరు మీరు చెప్పారు. స్టీరింగు ఎందుకు మారిందో కూడా మీరే చెప్పారు. మరి వాడేం చెప్పాడండీ?"

చాలాసేపు ఆలోచించాను. "ఏసీ గాలి అని చెప్పాడండి."

ఆయన నవ్వు ఆపుకోవడానికి బయటికి వెళ్లాడు. నాగమణి నవ్వలేదు. "అంటే మావ దగ్గర అబద్దమాడినావు," అంది. అంతే. స్టేషనులో కేసు పెట్టింది నేను, ముద్దాయినీ నేనే అయిపోయాను.

మర్నాడు పొద్దున్నే బొబ్బిలి వెళ్లాను. బెల్లం దిమ్మెల మధ్య కూర్చున్న పెద్దాయనకి మొత్తం చెప్పాను. ఆయన దిమ్మెలు లెక్కపెట్టుకుంటూనే విన్నాడు. నన్ను గెంటేస్తాడా, నమ్మకపోతే ఎలా, డబ్బు తీసుకుని మాట మారుస్తున్నానంటే ఏం చెప్పాలి? అంతా అయ్యాక ఆయన లేచి చెయ్యి కడుక్కున్నాడు.

"ఈ మాట నాకు సెప్పి ఏటి లాభం? తిట్టింది ఆ వీధిలో. ఆ వీధిలో సెప్పు. సెప్పినావంటే తాంబూలాలు ఈ రోజే పుచ్చుకుంటాం. నోరు రాలేదంటే, నానిలాగే తిరిగొచ్చీస్తాను."

ఆయన పాత కారులోనే బయలుదేరాం. మొత్తానికి కారెక్కాను.

దాలినాయుడు మావ అరుగు మీదే ఉన్నాడు. పెద్దాయనని కూర్చోమన్నాడు, నన్ను అనలేదు. కుమారి ఫోను పట్టుకుని బయటికొచ్చింది. తెర మీద నీలం పని బట్టల్లో సూర్యం. నిజం గొంతు ఎలా ఉంటుందో అప్పుడు విన్నాను. గరగరలాడుతూ, వాళ్ల నాన్నలాగే ఉంది. ఒక్కసారి ఆ గొంతు విని ఉంటే ఇదేదీ జరిగేది కాదు.

నేను తల వంచుకుని, తప్పయిపోయింది, మన్నించండి అని గొణిగాను.

"ఇనబడ్డం నేదు బావా," అంది కుమారి. కళ్లలో నీళ్లున్నాయి, మాటలో లేవు. "ఆ రోజు సివరింటి వరకూ ఇనబడింది. అంతే గట్టిగా సెప్పు. మా అన్నని దొంగన్నది ఎవులెవులు ఇన్నారో, ఆళ్లందరూ ఇది ఇనాల."

మావ వైపు చూశాను. ఆయన వీధి వైపు చెయ్యి చూపించాడు. పెద్దాయన కారు తాళాలు ఇంకా జేబులో పెట్టుకోలేదు, చేతిలోనే తిప్పుతున్నాడు. నేను అరుగు దిగాను. ఎక్కడ నిలబడి అరిచానో అక్కడే, వీధి మధ్యలో నిలబడ్డాను. పక్కింటివాళ్లు గుమ్మాల్లోకి వచ్చారు. ఒకావిడ చేట పట్టుకునే వచ్చేసింది.

"అందరూ ఇనండి. సూర్యం దొంగ కాడు. ఆడు నాకెప్పుడూ ఫోను సెయ్యలేదు. ఆ దొంగకి సూర్యం పేరూ, మావ పేరూ, కుమారి సంబంధం సంగతీ అన్నీ నానే సెప్పాను. మావ అడిగితే, నా పరువు పోతాదని అబద్దమాడాను. ఇకమీదట ఫోన్లో ఇన్న గొంతుకి సుట్టరికం కలపను. కళ్లతో సూసి, తాళం తిప్పి, కాగితాలు సదివితే గానీ సైకిలు కూడా కొనను. నా కొట్టు మీద ఒట్టు. మావా, సూర్యం, కుమారీ, తప్పు నాది. నన్ను సెమించండి."