జ్వరం లేనివాళ్ల నెత్తురు

1963 ఎండాకాలం. మాచర్లలో మలేరియా విభాగంలో మైక్రోస్కోపిస్టుగా ఉండేవాణ్ణి. పల్లెల నుంచి వచ్చే స్లైడ్లు, అంటే నెత్తుటిచుక్క పులిమిన గాజుపలకలు, చూడటమే నా పని. కిటికీ బయట ఎండకు వీధంతా నీళ్లలా కదిలేది. మైక్రోస్కోపు అద్దానికి కన్ను ఆనించగానే లేత గులాబిరంగు కణాలు తేలే మరో లోకంలోకి జారిపోయేవాణ్ణి.

ఒకరోజు రెంటచింతల దగ్గరి పల్లె నుంచి వచ్చిన స్లైడులో తెలియని ఆకారాలు కనిపించాయి. కణాల లోపల ఊదారంగు గింజలు, జంటలుగా, మొనలు ఆనించుకుని. మా డాక్టరుగారు చాలాసేపు చూసి, ఇది మలేరియా కాదన్నారు. ఆవులకు పట్టి నెత్తురు పీల్చే గోమార్ల వల్ల వచ్చే పరాన్నజీవిలా ఉందన్నారు. మనిషిలో దాన్ని ఆయనా ఎన్నడూ చూడలేదు.

ఆ నెత్తురు మరియమ్మది. రెండావుల పాలమ్ముకుని బతికే మనిషి. మాత్రలకు జ్వరం లొంగక నెలరోజులుగా మంచంలో ఉంది. నేను వెళ్లి నలుగురిలో గోమార్ల సంగతి అడగడంతో, ఆమెది పశువుల రోగమని పల్లెంతా పొక్కింది. పాలు కొనేవాళ్లు మానేశారు. పక్కింటి శేషమ్మయితే ఆ గుమ్మం వైపు చూడటమే మానేసింది.

“నా ఒక్కదానికేనా బాబూ ఇది?” అని మరియమ్మ అడిగింది.

జ్వరమొచ్చినవాళ్ల నెత్తురే మేం తీసేవాళ్లం. ఒక రోగం ఎంతమందిలో ఉందన్న లెక్కను ప్రివలెన్స్ అంటారు. అది తేలాలంటే ఒంట్లో బాగున్నవాళ్లనూ చూడాలి.

డాక్టరుగారిని ఒప్పించి, పశువులున్న ఇళ్లూ, వాటి పక్కిళ్లూ అన్నీ తిరిగాను. జరం లేనోళ్లకి సూదేందని గొణిగారు. ముందు నా వేలే పొడుచుకున్నాక చేతులు చాపారు. శేషమ్మ అందరికన్నా చివర, మొహం తిప్పుకుని వేలిచ్చింది.

తర్వాతి రోజులన్నీ ఆ గులాబిరంగు లోకంలోనే గడిచాయి. ఏ స్లైడులోనూ ఏమీ లేదు. చివరికి శేషమ్మ నెత్తుట్లో, ఒక మూల, అవే జంట గింజలు. ఆమెకు ఒక్కనాడూ ఒళ్లు వెచ్చబడలేదు. డాక్టరుగారూ చూసి అవునన్నారు.

మరియమ్మ అప్పటికి లేచి కూర్చుంటోంది. నీ ఒక్కదానికే కాదని చెప్పాను. ఆ రెండోమనిషి పేరు అడుగుతుందనుకున్నాను.

“ఎవరో చెప్పమాకు బాబూ,” అంది. “నాకు చేసినట్టే వాళ్లకీ చేస్తారు.”

శేషమ్మకు ఒక్కదానికే, ఎవరూ లేనప్పుడు చెప్పాను. కొన్నాళ్లకు ఆమె చెంబు పట్టుకుని మరియమ్మ వాకిట్లో పాలకోసం నిలబడి ఉండటం చూశాను.

ఆ పల్లెలో ఎంతమందికుందో నిజంగా తేల్చలేకపోయాం. ఇద్దరని రాసి, కనబడినంతవరకు అని చేర్చాం. ఆ తర్వాత ఏ రోగమైనా అరుదని ఎవరన్నా అంటే, ఎవరి నెత్తురు చూశారని అడగడం నాకు అలవాటైంది.