ఒకే చేతి చాయ్

నార్కట్‌పల్లి చౌరస్తాలో నూరుద్దీన్ సేటు హోటల్లో ఖుద్దూస్ పంతొమ్మిదేళ్లుగా చాయ్ మాస్టరు. బస్సు ఆగే పది నిమిషాల్లో యాభై గ్లాసులు నింపేవాడు, ఒక్క చుక్క బల్ల మీద పడనిచ్చేవాడు కాదు. మనిషి మాత్రం ఉత్త ముక్కోపి. చక్కెర ఎక్కువ వేయమన్నవాణ్ణి "షర్బత్ దుకాణం పక్కకున్నది, పో" అని తరిమేవాడు. అయినా జనం ఎగబడేవారు. సేటు నవ్వి ఊరుకునేవాడు.

చాయ్ కాచడం అతనికి తల్లి ఖాదర్‌బీ నేర్పింది. చిన్నప్పుడు వెనక నిలబడి, వంకర చిటికెన వేలున్న చేత్తో అతని చెయ్యి పట్టుకుని తిప్పించేది. ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ పొద్దున మొదటి పొంగు రాగానే ఖుద్దూస్ గిన్నె మీదికి వంగి, "అమ్మీ, జర చూడు" అనేవాడు, తనకు తప్ప ఎవరికీ వినపడనంత మెల్లగా. ఆ సంగతి భార్య మెహరాజ్‌కు కూడా చెప్పలేదు. లోకంలో తనదంటూ ఉన్నది అదొక్కటే అనుకునేవాడు.

ఎనభై తొమ్మిదిలో సేటు తిరుమలగిరిలో ఇంకో హోటల్ తెరిచాడు. "యాడ తాగినా ఒక్కటే రుచి ఉండాలె ఖుద్దూస్. కండ్లు మూసుకొని తాగితే ఏ ఊరో తెల్వొద్దు" అంటూ పర్వతాలు అనే ముప్పై ఏళ్లవాణ్ణి అప్పగించాడు. మూడు నెలలు ఖుద్దూస్ తిట్టి తిట్టి నేర్పాడు. చేతిలో ఉన్నదంతా ఇచ్చాడు, పొంగు రాగానే తాను అనే ఆ మాట తప్ప.

ఏడాది తిరిగేసరికి బస్సు డ్రైవరు ఐలేశం గ్లాసు దించి నసిగాడు. "భాయ్, తిరుమలగిరిల తాగిన. అచ్చం నీ చెయ్యే. నిజం జెప్పాల్నంటే నీ చాయే గిప్పుడు జర రుచి తప్పింది."

ఖుద్దూస్‌కు ఒళ్లు మండింది. తాగి చూసుకున్నాడు. పొడి అదే, పాలు అవే. ఐలేశం అన్నది నిజమే.

ఆ వారమే పర్వతాలు తల్లి సుక్కమ్మ బస్సు దిగి నేరుగా పొయ్యి దగ్గరికి వచ్చింది.

"నా కొడుక్కు ఏం నేర్పినవయ్యా? పుట్టినకాడికెళ్లి నన్ను అవ్వా అని పిలిచేటోడు. గిప్పుడు అమ్మీ అంటుండు. నన్ను జూసి కాదు, గా గిన్నెను జూసి. నేను పిలిస్తే ఎవరో పరాయిదాన్ని జూసినట్టు జూస్తడు" అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఖుద్దూస్ పొయ్యి వదిలేసి ఆమె వెంటే తిరుమలగిరి పోయాడు.

మిట్టమధ్యాహ్నం హోటల్ కిటకిటలాడుతోంది. పర్వతాలు అటు తిరిగి ఉన్నాడు. పొంగు వచ్చింది. అతను వంగాడు.

"అమ్మీ, జర చూడు."

ఆ గొంతు పర్వతాలుది కాదు. ఖుద్దూస్‌దే.

"గా మాట నీకు ఎవరు జెప్పిండ్రురా?" అని భుజం పట్టి ఊపాడు.

"ఎవ్వరు జెప్పలే భాయ్. పొంగు రాంగనే నోట్లకెళ్లి అదే వస్తది. అన్నంక ఎవరో ముసలామె ఎనక నిలవడి నా చెయ్యి పడ్తది."

"మొఖం జూసినవా?"

"తిరిగి సూడ భాయ్, భయమైతది. చిటికెన వేలు వంకరుంటది."

ఖుద్దూస్ అతని వెనకవైపు చూశాడు. అక్కడ ఖాళీ గోడ తప్ప ఏమీ లేదు. అమ్మ తనను వదిలి వచ్చేసిందని తెలిసి చిన్నపిల్లాడిలా దుఃఖం వచ్చింది.

మర్నాడు పొద్దున నార్కట్‌పల్లిలో మొదటి పొంగు వచ్చింది. వంగి నోరు తెరిచాడు. మాట రాలేదు. ఎంత వెతుక్కున్నా రాలేదు. చాయ్ పొంగి పొయ్యి ఆరిపోయింది.

ఇంటికి వెళ్లి మెహరాజ్‌ను అడిగాడు. "నేను మా అమ్మను ఏమని పిలుస్తుంటి?"

"అమ్మీ అంటుంటిరి గద. గిదేం అడుగుడు?"

ఖుద్దూస్ ఆ మాటను రెండుసార్లు పలికి చూసుకున్నాడు. ఎవరో వేరేవాళ్ల తల్లిని పిలిచినట్టే ఉంది.