విజయరత్నం అయిదు టన్నుల లిఫ్టు

జ్ఞానాపురం విజయరత్నం ఒక ఆదివారం తన పాత అంబాసిడర్ కారుని నేవీ విమానాలు తిరిగే ఎత్తుకి లేపేశాడు. కింద భార్య కృపావతి అన్నం వడ్డించి పిలుస్తోంది, కారేమో మబ్బుల్లో ఉంది. ఓ విమానం దాని పక్కకొచ్చి ఆగి, దారిమ్మని హారన్ కొట్టింది. మీరు నమ్మరని తెలుసు. ఇంటర్ రెండుసార్లు తప్పి చదువుని వదిలించుకున్నవాణ్ణి, నా మాటకి సర్టిఫికెట్టు లేదు. కానీ ఆ పక్కింట్లో ఉన్నది నేను, మీరు కాదు.

ముందు మనిషిని చెప్తాను. విజయరత్నం పోర్టులో క్రేన్ డ్రైవరు. ఇరవై ఏళ్ళ పైచిలుకు ఓడల్లోంచి సరుకు ఎత్తి ఒడ్డున పెట్టాడు. ఆ ఒక్క పనీ చేశాడు కనక మిగతా జనమంతా నేలమీద పాకేవాళ్ళలా కనపడేవాళ్ళు అతనికి. బస్సు డ్రైవరు ఎదురైతే, "ముందుకెల్డం, ఎనక్కెల్డం. అదో డ్రైవింగా" అనేవాడు. పాస్టరుగారు పరలోకం గురించి చెప్తున్నా, ఆ ఎత్తు తనకి పాతదేనన్నట్టు కాళ్ళు చాపుక్కూర్చునేవాడు.

ఎనభై నాలుగో సంవత్సరంలో కళ్ళ పరీక్ష తప్పాడు. క్రేన్ని అతని దగ్గర పని నేర్చిన సత్యానికిచ్చి, ఇతన్ని స్టోర్సులో కూర్చోబెట్టారు. అడిగినవాడికి బోల్టులివ్వడం, మళ్ళీ కూర్చోవడం. పైగా ఇన్నాళ్ళూ క్యాబిన్‌లోంచి కిందకి తొంగి చూసి చూసి నడుం వంగిపోయింది. ఇక అతను ఎత్తడానికి మిగిలిన బరువు ఇంట్లో ఉన్న ఆ కారొక్కటే. దాన్ని లేపగలిగితే ఇంకా క్రేన్ డ్రైవరే, లేకపోతే బోల్టుల గుమాస్తా. ఈ మాట నోటితో అనలేదు. మొహం మీదే రాసుంది. దాన్ని దాచుకోవడం కూడా చేతకాదు పాపం.

అందుకని ఇంట్లో కారు షెడ్డుకి, కింద చేరి రిపేరు చేసుకోడానికి కారుని పైకెత్తే లిఫ్టు కావాలన్నాడు. కృపావతమ్మది పనిచేసే బుర్ర. "గొయ్యి తవ్వించీసుకోండి. మెకానిక్కులందరూ అందులో దిగే కదా సేత్తారు" అంది.

"నాను దిగే గొయ్యి ఒకటే. అది సర్చివోళ్ళు తవ్వుతారు" అన్నాడు.

మా వీధిలో మూరెడు తవ్వితే నీళ్ళొస్తాయి. ఆ ముక్క చెప్తే సరిపోయేది. కానీ అంత చిన్న కారణం అతని నోటికి ఆనదు.

"దూలానికి సైను పుల్లీ యేలాడదీ బావా" అన్నాను నేను.

"నూతిలో సేద తోడుతన్నానా?"

పెట్రోలు బంకుకి తీసుకెళ్ళాను. అక్కడ నేలలోంచి ఒకే ఒక్క స్తంభం లేచి కారుని నెత్తిన పెట్టుకుంటుంది. చుట్టూ తిరిగి చూశాడు, వంగి చూశాడు, బంకువాడిచేత రెండుసార్లు లేపించి దింపించాడు. "ఒంటికాలి కొంగ" అనేసి బయటికొచ్చేశాడు. ఆ బంకువాడు నన్నిప్పటికీ పలకరించడు.

చివరికి ద్వారకా నగర్‌లో గంగాధరరావు అనే ఏజెంటు దొరికాడు. కృష్ణాజిల్లా మనిషి, స్టీలు ప్లాంటు ఆర్డర్లకోసం ఎదురుచూస్తూ ఫ్యాను కింద కూర్చున్నాడు. అతని దగ్గరున్నది కత్తెరకాళ్ళ లిఫ్టు. కారు చక్రాలకి రెండు పలకలు, వాటి కింద మడతపెట్టిన ఇనప కాళ్ళు. మీట నొక్కితే కాళ్ళు నిటారుగా లేస్తాయి, మధ్యలో మనిషి నిలబడొచ్చు. నిలబడొచ్చు అన్నమాట దగ్గర విజయరత్నం చెవులు రిక్కించాడు.

"మీ కారుకి రెండు టన్నులది చాలా ఎక్కువండి" అన్నాడు ఏజెంటు.

"అయిదుది సూపించు."

"అది లారీలకండి."

"బరువుకి సరిగ్గా సరిపోయే క్రేను పోర్టులో ఎవుడూ యెట్టడు."

"సరేనండి. షెడ్డు ఎత్తెంతండి?"

విజయరత్నం నావైపు తిరిగి నవ్వాడు. "ఎత్తు గురించి నన్నడుగుతన్నాడు బావా" అన్నాడు. తర్వాత ఏజెంటుతో, "నాను ఎత్తిన ఎత్తుకి నువ్వు తలెత్తి కూడా సూసుండవు" అన్నాడు. గంగాధరరావు బిల్లు పుస్తకం తీశాడు. అమ్ముకునేవాడికి అంతకంటే తెలివి అక్కర్లేదు.

ఏజెంటు మనుషులొచ్చి అయిదు టన్నులదే బిగించారు. కారు లేకుండా ఓసారి పైదాకా లేపి, దింపి, టీ తాగి పోయారు. దివ్యంగా లేచింది మరి, ఉత్త పలకలే కదా.

ఆదివారం ఆరాధన అయ్యాక పాత క్రేను గ్యాంగునంతా పిలిచాడు, సత్యంతో సహా. కారు పలకల మీదకెక్కించి, తను మీట దగ్గర కుర్చీ వేసుకున్నాడు. "సత్యం, సెయ్యి సూపించు" అన్నాడు.

పోర్టులో పద్ధతొకటుంది. డ్రైవరు సరుకుని చూడడు, సైగ చేసేవాడి చెయ్యే చూస్తాడు. చెయ్యి పైకి తిప్పితే ఎత్తాలి, పిడికిలి బిగిస్తే ఆపాలి. సైగ చేసేవాడు సరుకు అడుగు ఎక్కడా తగలకుండా కిందే చూస్తాడు. సత్యం చక్రాలు చూస్తూ చెయ్యి తిప్పాడు. విజయరత్నం ఆ చెయ్యి చూస్తూ మీట నొక్కాడు. పైకి చూసినవాడు ఒక్కడూ లేడు. ఇన్నేళ్ళుగా వీళ్ళు ఎత్తిన చోట పైన ఆకాశమే ఉండేది. ఇంటికి కప్పుంటుందని గ్యాంగు మొత్తంలో ఒక్కడికీ తట్టలేదు.

టప్పుమంది. సిమెంటు రేకు పగిలి పెంకులు బానెట్టు మీద రాలాయి. సత్యం పిడికిలి బిగించాడు. కారు సరిగ్గా నడుం ఎత్తులో ఆగింది.

ముందు నవ్వింది నేనే. అంత గొప్ప అవకాశం ఇంకొకడికి వదులుతానా. తర్వాత గ్యాంగంతా నవ్వింది.

సత్యం మాత్రం నవ్వలేదు. "దింపీ అన్నా. ఇంకో రోజు సూద్దాం" అన్నాడు.

విజయరత్నం కుర్చీలోంచి లేచి కారు కిందకి తొంగి చూశాడు. అందులోకి పోవాలంటే ఇంకా వంగాలి. స్టోర్సులో బల్ల కింద బోల్టులకోసం వంగినట్టే. నడుం మీద చెయ్యేసుకుని లేచి, "పైనేటుందో అది తీయండి" అన్నాడు.

"వానొస్తే?" అంది కృపావతమ్మ.

"తడుస్తాది."

గ్యాంగు దూలాలెక్కి, కొక్కేలు విప్పి, రేకులు కిందకి దింపింది. మళ్ళీ సత్యం చెయ్యి తిప్పాడు. ఈసారి ఒక కన్ను పైన పెట్టాడు. కారు దూలాల సందులోంచి రేకులుండే చోటు దాటి ఎండలోకి లేచింది. వీధిలో జనం గోడలెక్కి చూశారు. ఒక కారు కింద నిలబడ్డానికి కొంపకి బోడిగుండు చేయించినవాణ్ణి నేనింతవరకూ ఇంకొకణ్ణి చూళ్ళేదు, మీరు చూసుంటే చెప్పండి.

ఇదంతా రాసి నిన్న అతనికి చదివి వినిపించాను. కారు కింద గ్రీజు గన్ను పట్టుకుని, తలొంచకుండా విన్నాడు.

"విమానం నేదు, మబ్బూ నేదు. అన్నం టయానికే తిన్నాం. రెండు రేకులు తీసీసినాం. కారు కింద నిటారుగా నిలబడ్డాను. అంతే."