సంతోషపడకూడని కుక్క

ఆ రోజుల్లో, అంటే చిక్కబళ్లాపురంలో ఉద్యోగానికి చేరిన కొత్తలో, ఎవరికైనా సాయం చెయ్యాలని నాకు మహా ఆత్రంగా ఉండేది. సాయం కావాలన్నవాళ్లే దొరికేవారు కాదు. ఇంట్లో అమ్మా నేనూ ఇద్దరమే. అమ్మకు నా సాయమంటే భయం (కుక్కరు మూత ఒకసారి నేను బిగించాను, తర్వాత వంటింటికి సున్నం వేయించాల్సి వచ్చింది). అందుకని నా దయాగుణమంతా మా ఊరు బాగేపల్లి బస్టాండులో ఉండే ఒక గోధుమరంగు కుక్క మీద పడింది. దాన్ని అందరూ కండక్టరు అనేవాళ్లు. బస్సు హారను కొడితే చాలు, ఎక్కడ పడుకుని ఉన్నా లేచి, ఆ బస్సును ఊరి చివరిదాకా తరిమి, డ్యూటీ అయిపోయినట్టు నింపాదిగా తిరిగి వచ్చేది. ఒక ఉదయం మిట్టేమరి బస్సు వెంట కొంచెం దూరం పరిగెత్తి, దగ్గి దగ్గి, రోడ్డు మధ్యలో కూలబడింది. ఆఫీసుకు సెలవు చెప్పేసి, దాన్ని ఆటోలో వేసుకుని చిక్కబళ్లాపురం డాక్టరు దగ్గరికి పోయాను.

డాక్టరు రక్తం పరీక్ష చేసి, కన్నడంలో మొదలుపెట్టి తెలుగులోకి దిగాడు. "దీని గుండెలో పురుగులుండాయప్పా. దోమ కాటుతో వచ్చేటివి. మందిస్తే చస్తాయి. అయితే చచ్చిన పురుగు రక్తంలో పోయి ఊపిరితిత్తుల్లో అడ్డం పడిందంటే కుక్క దక్కదు. మందు నడిచినన్ని నెలలూ ఇది పరిగెత్తకూడదు, ఎగరకూడదు." మందుచీటీ రాస్తూ, "సంతోషపడనూ కూడదు" అన్నాడు. కుక్కను సంతోషపడకుండా ఎలా ఉంచడమని అడిగాను. "నువ్వు ఇంటికి పోయినప్పుడు దాన్ని పలకరించొద్దు, అంతే." చింతామణిలో వీధికుక్కల్ని చేరదీసే టీచరమ్మ ఒకామె ఉందని ఆయనే ఫోను కలిపి ఇచ్చాడు. ఆమె, "నా ఇంట్లో కుక్కల సంతే ఉండాది నాయనా, ఈ గోలలో గుండెజబ్బుది బతకదు. నయమయ్యేదాకా నువ్వు పెట్టుకో, ఆ తర్వాత నేను పెంచుకుంటా" అంది. సరేనన్నాను. అమ్మను అడగాలన్న సంగతి గూళూరు రోడ్డులో మా ఇంటిముందు ఆటో ఆగాక గుర్తొచ్చింది.

"ఏమంట దీనికి?" అంది అమ్మ, గుమ్మానికి అడ్డంగా నిలబడి. డాక్టరు చెప్పిందంతా అప్పజెప్పాను. బయటికి పోకూడదు, మెట్లెక్కకూడదు, అలజడి పనికిరాదు, నెలల తరబడి ఒకే గదిలో ఉండాలి. అమ్మ ముఖం తేటపడింది. "అంటే బాలింత మాదిరి" అంది. మా వీధికి ఏ ఆడపిల్ల పురిటికి వచ్చినా పథ్యం చెప్పేది మా అమ్మే. ఇక నన్ను అడిగిన పాపాన పోలేదు. కండక్టరుకు లోపలి గది ఇచ్చింది, పాత దుప్పటి పరిచింది, సాయంత్రాలు గడప బయట సాంబ్రాణి వేసింది, చెవుల్లో దూది పెట్టి, తలగుడ్డ చుట్టి గడ్డం కింద ముడి వేసింది. "అమ్మా, ఇది మగది" అన్నాను. "మగదైతే చెవుల్లోకి గాలి పోదా?" అంది. మిరియాలూ వెల్లుల్లీ దంచి పులుసు కూడా కాచింది. వెల్లుల్లి కుక్కకు పడదని డాక్టరు ఫోనులో కేకలేశాడు. కాచింది పారబోయడం ఇష్టంలేక నాకు పోసింది. మర్నాడు అలవాటు కొద్దీ మళ్లీ కాచింది. అలా మా ఇంట్లో బాలింత పథ్యం ఒక్కరోజు కూడా తప్పకుండా తిన్నవాణ్ని నేనే (ఒళ్లు గట్టిపడిన మాట నిజం).

మా ఇల్లు బస్సుల దారిలోనే ఉంది. నా భయమంతా దానికే. కానీ దూదీ తలగుడ్డా ఉన్నంతసేపూ ఏ హారనూ దాని చెవికి అందలేదు. ఈ సంగతి కనిపెట్టి గొప్పగా చెబితే, "గాలికని పెట్టినా, హారనుకు కాదు" అని అమ్మ కొట్టిపారేసింది. మిగిలింది నా సమస్య. నన్ను చూస్తే దాని తోక ఆగదు. అందుకని చెప్పులు చేతిలో పట్టుకుని, దొడ్డివాకిలి నుంచి చప్పుడు లేకుండా వచ్చి, పెళ్లిచూపుల్లో పిల్ల నచ్చనివాడిలా ముఖం తిప్పుకుని దాని పక్కనుంచి వెళ్లిపోయేవాణ్ని.

సాంబ్రాణి వాసన పక్కింటి పెద్దమ్మకు తగిలింది. "మీ ఇంట్లో ఆడబిడ్డే లేదు, ఎవురమ్మా బాలింత?" అని గోడ మీదనుంచి అడిగింది. (నాకింకా పెళ్లి కాలేదు, ఆమె చూపు కాసేపు నా మీద అనుమానంగా ఆగింది.) సంగతి తెలిసి వీధిలో ఆడవాళ్లంతా బాలింతను చూడ్డానికి బయల్దేరారు. అమ్మ గడప దగ్గర ఆపింది. "ఎవురూ నవ్వద్దండి, ముద్దు చెయ్యద్దండి. మొగాలు గంటు పెట్టుకోని చూసి పోండి." వాళ్లు అలాగే ఒకరి వెనక ఒకరు వెళ్లి, తల వంచుకుని బయటికొచ్చారు. అటు పోతున్న పాలాయన అది చూసి బండి ఆపి, "ఎంతసేపయిందమ్మా పోయి?" అని మెల్లగా అడిగాడు.

పోయినంత పని ఒక ఆదివారం మధ్యాహ్నం జరిగింది. అమ్మ మిద్దె మీద వడియాలు పెడుతోంది. చూడ్డానికి వచ్చిన పెద్దమ్మ, "పాపం, ఉబ్బరిస్తాంటుంది దీనికి" అని తలగుడ్డ విప్పి దూది తీసింది. సరిగ్గా అప్పుడే గూళూరు బస్సు హారను కొట్టింది. నేను వీధిలోకి ఉరికేసరికి కండక్టరు రోడ్డు మీద పడి ఉంది, చిగుళ్లు తెల్లబడి, ఊపిరి అందక. అమ్మ పిండి చేతులతోనే దిగివచ్చి, నడిరోడ్డులో కూర్చుని దాని తల ఒళ్లో పెట్టుకుంది. కదిలించకండి, అరవకండి, ఊపిరి కుదురుకోనివ్వండి అని డాక్టరు ఫోనులో చెబుతున్నాడు. ఇది పోతే నేను తట్టుకోలేనని అప్పుడు తెలిసింది. బస్సు ఆపి డ్రైవరు దిగి వచ్చాడు. "మా కండక్టరు గదా ఇది. కనిపించకపోతే ఎప్పుడో పోయిందనుకుంటిమి" అన్నాడు గుసగుసగా. బస్సులోవాళ్లు ఒక్కరూ తొందరపెట్టలేదు. చాలాసేపటికి దాని ఊపిరి దారిలో పడింది. పెద్దమ్మ గోడకు ఆనుకుని ఏడుస్తూనే ఉంది. ఆ తర్వాత మా ఇంటిముందు ఏ బస్సూ హారను కొట్టలేదు. అమ్మ మాత్రం దూది మానలేదు.

చివరికి రక్తంలో ఏమీ లేదని తేలింది. "ఇంక సంతోషపడొచ్చు" అన్నాడు డాక్టరు. నేను నెలల ముద్దంతా గొంతులో పెట్టుకుని "కండక్టరూ" అని పిలిచాను. అది నన్ను చూసి, నా దగ్గరే నేర్చుకున్న ముఖం పెట్టి అటు తిరిగింది. దాన్ని మళ్లీ నవ్వించడానికి నేను పడ్డ పాట్లు వీధంతా చూసింది. తర్వాత మాటప్రకారం చింతామణికి తీసుకుపోయాను. దారి పొడుగునా బస్సు తలుపు దగ్గరే కూర్చుంది. అమ్మ దాని తలగుడ్డ మడిచి నా సంచిలో పెట్టి పంపింది. టీచరమ్మ గేటు దగ్గర నేను వెనక్కి చూడలేదు; చూస్తే ఎవరి గుండెకు మంచిదికాదో చెప్పలేను.

ఇప్పుడది చింతామణిలో ప్రతి బస్సునూ సాగనంపుతోందట. నేనే బాగుపడలేదు. ఇన్నేళ్లయినా ఆఫీసు నుంచి వస్తే, చెప్పులు చేతిలో పట్టుకుని దొడ్డివాకిలినుంచే, ఎవరి ముఖమూ చూడకుండా ఇంట్లోకి దూరుతాను. మొన్న అమ్మ వంటింట్లోంచి తల తిప్పకుండానే అంది: "దొంగ మాదిరి యాలప్పా వస్తావు? ముందర వాకిట్లోనించి నవ్వుకుంటా రా. నా గుండెలో పురుగుల్లేవు, నేను సంతోషపడొచ్చు."

చెప్పులు మళ్లీ తొడుక్కుని, ఇల్లు చుట్టి, ముందునుంచి వచ్చాను.