సుధామయి తాగని నీళ్ళు

సుధామయి అబద్ధమాడదని తార్నాకలో వాళ్ళ అపార్ట్‌మెంటులో ఎవరినడిగినా చెబుతారు. యూనివర్సిటీలో ఆమె పనిచేసే డిపార్ట్‌మెంటు ఆఫీసులో అడిగితే ఇంకా గట్టిగా చెబుతారు. ఇంటర్నల్స్‌లో అర మార్కు కలపమని సిఫారసు పట్టుకొచ్చిన పెద్దమనుషులకు కుర్చీ చూపించి, చల్లగా మజ్జిగ ఇప్పించి, ఉత్త చేతులతో వెనక్కి పంపిన మనిషి ఆమె. అలాంటి మనిషి ఏడాది పొడుగునా కన్నకూతురితో అబద్ధమాడింది. నోటితో ఆడితే ఎప్పుడో దొరికిపోయేది. నీళ్ళ సీసాతో ఆడింది.

పోయినేడాది వేసవిలో ఆమె కిడ్నీలో రాయి చేరింది. నొప్పి అంటే ఏమిటో పురిటిమంచం మీదే చూసేశాననుకున్న సుధామయి, చూడాల్సింది ఇంకా మిగిలే ఉందని ఆ రోజు తెలుసుకుంది. తార్నాకలోనే ఒక ఆసుపత్రిలో రాయి తీశారు. ఇంటికి పంపుతూ డాక్టరు మందుల గురించి రెండు ముక్కలే చెప్పి, నీళ్ళ గురించి మాత్రం పాఠం చెప్పినట్టు చెప్పాడు. రోజుకు రెండున్నర లీటర్లు తగ్గకూడదు, మళ్ళీ రాయి పెరిగిందా, ఆ ఎడమ కిడ్నీ దక్కడం కష్టం అన్నాడు.

కూతురు శ్రీలలిత ఆ మాట గుండెలో రాసుకుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంట్లోంచే పని. వారం తిరక్కుండా తల్లికి స్మార్ట్ బాటిల్ ఒకటి తెప్పించింది. చూడ్డానికి మామూలు స్టీలు సీసా లాగే ఉంటుంది. కానీ అడుగున చిన్న దీపం గంటగంటకూ నీలంగా మిణుకుమంటుంది. ఎన్ని నీళ్ళు తగ్గాయో దానంతటదే లెక్కగట్టి ఫోనుకు చేరవేస్తుంది. సుధామయి ఫోనుకే కాదు, శ్రీలలిత ఫోనుకు కూడా.

"తాగావా తాగావా అని రోజంతా ఫోన్ చేసి నిన్ను సతాయించనమ్మా. ఇదే నాకు చెప్పేస్తుంది" అంది పిల్ల.

సుధామయి మురిసిపోయింది. మర్నాడే దాన్ని భుజానికి తగిలించుకుని ఆఫీసుకు వెళ్ళింది. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ఆ ఆఫీసు పాత రాతికట్టడంలో ఉంది. పొడుగాటి వరండాకు ఈ చివర ఆఫీసు, ఆ చివర లేడీస్ స్టాఫ్ బాత్రూము. బాత్రూముకు ఎప్పుడూ తాళం. తాళం లేకపోతే లోపల బకెట్టు ఉండదు, మగ్గు ఉండదు, శుభ్రం అసలే ఉండదు. ఆ తాళంచెవి సూపరింటెండెంట్ భూపాల్ కుర్చీ వెనక మేకుకు వేలాడుతుంది. పూర్వం ఎవరో మర్చిపోయి హ్యాండ్‌బ్యాగులో వేసుకుని ఇంటికి పట్టుకెళ్ళారట. అప్పటినుంచీ దానికి మూరెడు చెక్క కట్టారు. విరిగిపోయిన కుర్చీ చెయ్యి అది. బ్యాగులో పట్టదు, కొంగుచాటున దాగదు. దాన్ని పట్టుకుని ఒక ఆడమనిషి వరండాలో నడిచిందంటే, ఎక్కడికి వెళ్తోందో దండోరా వేసినట్టే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో సుధామయి ఒకసారి అలాగే నడుస్తోంది. ఎదురుగా ప్రొఫెసర్ అచ్యుతరామయ్య గారు వచ్చారు. మంచాయన, మాటకారి. "ఏమ్మా, మీ నాన్నగారు కులాసానా" అని మొదలుపెట్టి, ఊరూ వాడా అన్నీ అడిగారు. ఆమె చెక్కను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి, ఆ చేతిలోంచి వీపు వెనక్కి మార్చుకుంటూ జవాబులు చెబుతోంది. గోడ మీద కూర్చున్న పీజీ కుర్రాళ్ళలో ఒకడు పక్కవాణ్ణి మోచేత్తో పొడిచి కిసుక్కుమన్నాడు. అంతే. ఆ రోజు తరవాత, చావుకు తెగిస్తే తప్ప, ఆమె ఆ మేకు వైపు చూడలేదు.

చూడకుండా బతకడం ఆమెకు కొత్తా కాదు. పుట్టింటివాళ్ళది తెనాలి దగ్గర. తండ్రికి రైల్వేలో ఉద్యోగం కావడంతో మెట్టుగూడ క్వార్టర్స్‌లో పెరిగింది. బడికి వెళ్ళే ముందు వాళ్ళమ్మ శ్యామలాంబ పెరుగన్నం దగ్గరుండి తినిపించి, మంచినీళ్ళ గ్లాసు మాత్రం సగంలో లాగేసుకునేది. "బయటికెళ్ళే ఆడపిల్లకు అన్ని నీళ్ళెందుకే, ఎక్కడ పోతావు?" అనేది. బస్సెక్కినా, పెళ్ళికెళ్ళినా అదే మంత్రం. అలా పెరిగిన మనిషి పదింటి నుంచి అయిదింటి దాకా గొంతు తడుపుకోవడానికి ఒక గుక్క తాగేది, అంతే. దాహమనేది తనకు లేదనే అనుకునేది.

సీసా తెచ్చుకున్న మొదటిరోజు బుద్ధిగానే తాగింది. దీపం వెలిగినప్పుడల్లా నాలుగు గుక్కలు. మధ్యాహ్నం రెండయ్యేసరికి పని మీద మనసు నిలవడం లేదు. తల తిప్పి చూస్తే భూపాల్ చుట్టూ నలుగురు కాంట్రాక్టు లెక్చరర్లు కుర్చీలు లాక్కుని కూర్చున్నారు. వాళ్ళ భుజాల మీదుగా చెయ్యి చాపి ఆ చెక్క అందుకోవాలి. సుధామయి పళ్ళు బిగించుకుని కూర్చుంది. అయిదింటికి ఇంటికెలా చేరిందో ఆ దేవుడికెరుక.

రెండో రోజు సీసా ముట్టుకోలేదు. మధ్యాహ్నం కూతురి ఫోను.

"అమ్మా, పావు వంతు కూడా కాలేదు. ఒంట్లో బాగానే ఉందా?"

"పనిలో పడి మర్చిపోయానే. ఇప్పుడే తాగుతున్నా."

ఫోను పెట్టేసి సీసా పట్టుకుని వరండాలోకి వచ్చింది. పిట్టగోడ వారగా క్రోటన్ కుండీలున్నాయి. అటూ ఇటూ చూసి మొదటి కుండీలో కాసిన్ని వంచింది. ఫోనులో రంగురంగుల పువ్వులు రాలి, శభాష్ అన్నట్టు బొటనవేలు లేచింది. వెంటనే శ్రీలలిత ముద్దుల బొమ్మలు పంపింది. తెలుగునేల మీద ఇంత సులువుగా పుణ్యం ఏ నదిలో మునిగినా రాదు.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. అతికించే పని సీసాయే చూసుకుంది. ఒకేసారి కుమ్మరిస్తే అనుమానం వస్తుందని సుధామయి గంటగంటకూ లేచి కొంచెం కొంచెం పోసేది. "మేడంకు హెల్త్ మీద ఎంత శ్రద్ధనో సూడుండ్రి, టైమంటే టైమే" అని భూపాల్ అందరికీ చూపించేవాడు. అబద్ధం మోయడానికి గంటకోసారి లేచి నడిచిన మనిషి, అదే వరండాలో ఇంకాస్త ముందుకు నడిచి తలుపు తియ్యలేకపోయింది. ఆడవాళ్ళ సిగ్గును ఎవరు కనిపెట్టారో గానీ, దానికి కళ్ళూ లేవు, బుద్ధీ లేదు.

ఒకరోజు అటెండర్ భాగ్య చూడనే చూసింది.

"గిదేంది మేడం, తాగే నీళ్లు చెట్టుకు పోస్తున్నరు?"

"ఎండకు వాడిపోతోంది కదా భాగ్యా."

"యాడ వాడింది మేడం? నీళ్లెక్కువై ఏర్లు మురిగిపోతున్నయ్. ఆకులన్నీ రాలవట్టె." భాగ్య గొంతు తగ్గించి అడిగింది. "మీకు దూప గాదా మేడం?"

సుధామయికి తల కొట్టేసినట్టయింది. దాహం వెయ్యదా అని ఆమెను అంతవరకూ ఎవరూ అడగలేదు. ఏదో గొణిగి లోపలికి వచ్చేసింది. మర్నాటినుంచి కుండీ మానేసి, మెట్ల కింద చేతులు కడుక్కునే సింకులో పోసింది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. ఈ పిల్లి కళ్ళు మూసుకుని పారబోసింది.

ఇంట్లో శ్రీలలిత ఆనందానికి పట్టపగ్గాలు లేవు. బంధువుల వాట్సాప్ గ్రూపులో తల్లి నీళ్ళ లెక్క పెట్టేది. మల్కాజ్‌గిరిలో ఒక గృహప్రవేశంలో ఆడపడుచు పదిమందిలో చెయ్యి పట్టుకుని, "మా వదినను చూసి నేర్చుకోండర్రా" అంది. సుధామయి నవ్వింది. ఆ పూట విస్తట్లో పెట్టిన గారె అలాగే వదిలేసింది. ఇంటికెళ్ళగానే చెప్పేద్దామనుకుంది. ఇంటికెళ్ళాక, పిల్ల ఇంత సంతోషంగా ఉంటే ఇప్పుడెందుకులే అనుకుంది. రేపటినుంచి నిజంగా తాగితే సరిపోతుంది కదా అని కూడా అనుకుంది. ఆ రేపు వచ్చేసరికి మేకు చుట్టూ మళ్ళీ మగవాళ్ళే ఉన్నారు.

ఈ ఏప్రిల్‌లో నొప్పి తిరిగొచ్చింది, జ్వరంతో సహా. భర్త వెంకటకృష్ణ, కూతురు ఇద్దరూ చెరో రెక్క పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరు స్కానింగ్ చూసి పెదవి విరిచాడు. అదే కిడ్నీలో మళ్ళీ రాయి, పైగా చీము.

"నీళ్ళు తాగుతున్నారా అమ్మా?"

సుధామయి నోరు తెరిచేలోపే శ్రీలలిత ఫోను అందించింది. "ఏడాదిగా ఒక్క రోజు తప్పలేదు డాక్టర్. మీరే చూడండి."

డాక్టరు చూశాడు. కనుబొమలు ముడిపడ్డాయి. "ఇన్ని నీళ్ళు తాగుతున్నా రాయి ఇంత తొందరగా పెరిగిందంటే కారణం వేరే ఎక్కడో ఉండాలి. మెడలో చిన్న చిన్న గ్రంథులుంటాయి. వాటిలో కంతి ఉన్నా ఇలా అవుతుంది. రక్తపరీక్షలు రాస్తాను. అవసరమైతే మెడకు ఆపరేషన్ చెయ్యాల్సి రావచ్చు."

కంతి అన్న మాటకు శ్రీలలిత మొహంలో నెత్తురు చుక్క లేదు. వెంకటకృష్ణ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ఇప్పుడు చెప్పాలి. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఎదురుగా కొడుకు వయసు డాక్టరు. పక్కన మొగుడు. బాబూ, నేను బాత్రూముకు వెళ్ళడానికి సిగ్గుపడి ఏడాదిపాటు నీళ్ళు పారబోశాను అని ఎలా చెప్పడం? సూదితో వచ్చిన నర్సుకు చెయ్యి చాపింది గానీ నోరు మాత్రం విప్పలేదు.

జ్వరం తగ్గి ఇంటికొచ్చింది. రిపోర్టులు సోమవారం వస్తాయన్నారు. శనివారం పొద్దున శ్రీలలిత తలారబోసుకుంటూ వంటింట్లోకి వచ్చింది.

"కాఫీ చల్లారిపోతోందే" అంది సుధామయి.

"ఇవాళ వద్దమ్మా."

"పోనీ మజ్జిగ కలపనా?"

"ఏమీ వద్దు. పొద్దుగూకే దాకా మంచినీళ్ళు కూడా ముట్టుకోను. మొక్కుకున్నాను." పిల్ల తల దించుకుంది. "నువ్వు శనివారాలుంటే ఎగతాళి చేసేదాన్ని కదా. ఇప్పుడు నువ్వు చెయ్యకు. నీ మెడలో ఏమీ ఉండకూడదని మొక్కుకున్నాను."

పన్నెండయ్యేసరికి ఎండ మండిపోతోంది. ఫ్యాను వేడిగాలిని కిందికి తోస్తోంది. శ్రీలలిత లాప్‌టాప్ ముందు కూర్చుని, ఎండిన పెదాలను నాలుకతో తడుపుకుంటూ పని చేసుకుంటోంది. టేబుల్ మీద సీసా నీలంగా మిణుకుమంది. పిల్ల లేచి, సీసా తెచ్చి తల్లి చేతికిచ్చింది.

"టైమయిందమ్మా. తాగు."

మూత తీసిన సీసాలో చల్లటి నీళ్ళ వైపు పిల్ల కళ్ళు ఒక్క క్షణం వెళ్ళి వెనక్కి రావడం సుధామయి చూసింది. ఇక ఆమె వల్ల కాలేదు. సిగ్గు మీద సిగ్గు పేర్చుకుంటూ వచ్చిన గోడ మొత్తం ఒక్కసారిగా మీద పడింది. కుర్చీలో కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అంతా చెప్పేసింది. చెక్క, వరండా, కుండీ, సింకు, అన్నీ. హాల్లో పేపరు చదువుకుంటున్న వెంకటకృష్ణకు వినపడుతుందని తెలిసినా ఆగలేదు. హాల్లో పేపరు చప్పుడు ఆగిపోయింది.

శ్రీలలిత అరుస్తుందనుకుంది. అరవలేదు.

"తాళంచెవి అడగడానికా అమ్మా?"

"అవునే."

"కిడ్నీ పోతుందని తెలిసి కూడా?"

సుధామయి తెరిచిన సీసాకు మూత పెట్టింది.

"నా ఫోనుకు రోజూ చెప్పావు. నాకు ఒక్కరోజు చెప్పలేకపోయావు" అంది శ్రీలలిత. ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది సుధామయికి.

పిల్ల డాక్టరుకు ఫోను కలిపి, స్పీకర్ ఆన్ చేసి తల్లి చేతిలో పెట్టింది. "నేను చెప్పను. నువ్వే చెప్పు."

సుధామయి చెప్పింది. తడబడుతూ, మధ్యలో మూడుసార్లు సారీ అంటూ చెప్పింది. "మొన్నే చెప్పి ఉంటే మీ అమ్మాయి ఇంత బెంగపడేది కాదు కదమ్మా" అన్నాడు డాక్టరు. "రిపోర్టులు ఎలాగూ చూద్దాం. ఆ కిడ్నీ ఎంత మిగిలిందో మాత్రం ఇప్పుడే చెప్పలేను. ఈ క్షణం నుంచి తాగండి."

ఫోను పెట్టేసి కూతురి గడ్డం పట్టుకుంది. "విన్నావుగా, నా మెడలో ఏ రోగమూ ఉండి ఉండదు. ఇంక ఉపవాసం ఎందుకే తల్లీ. రెండు గుక్కలు తాగు. నీ కాళ్ళకు మొక్కుతా."

"మొక్కుకున్నానమ్మా. నువ్వు అబద్ధమాడావని నేను దేవుడితో అబద్ధమాడనా?"

శ్రీలలిత సీసాలో నీళ్ళు గ్లాసులో వంచింది. ఎదురుగా కుర్చీ లాక్కుని, తల్లి మొహంలోకి చూస్తూ కూర్చుంది. సుధామయి గ్లాసు ఎత్తింది. ఒక్కో గుక్క మింగుతుంటే ఎదురుగా పిల్ల ఎండిన గొంతు కూడా తెలియకుండానే మింగినట్టు కదులుతోంది. తాగడం ఆపుదామంటే శ్రీలలిత చూపు తిప్పడం లేదు. సాయంత్రం ఇంకా ఎంతో దూరంలో ఉంది.

గ్లాసు ఖాళీ అయింది. శ్రీలలిత దాన్ని అందుకుని, మళ్ళీ నింపి, తల్లి ముందు పెట్టింది.