ఏసుబాబు చెక్క

మిర్యాలగూడ రైసుమిల్లుల ప్రహరీల మీద ముప్ఫై ఐదేళ్లు నిలువెత్తు అక్షరాలు రాసినవాడు ఏసుబాబు. ఆయన దగ్గర పని నేర్చుకున్నది స్వర్ణ. తిరుమలగిరి వైపు గొర్రెల కాపరుల ఇంటి పిల్ల. మిర్యాలగూడ హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేది. హాస్టల్ గోడకు పేరు రాయడానికి ఆయన వస్తే నిచ్చెన పట్టుకుని నిలబడింది. తర్వాత మూడేళ్లు, సెలవు దొరికితే చాలు, ఆ నిచ్చెన దగ్గరే ఉండేది.

ఏసుబాబు ముందు నేర్పింది అక్షరం కాదు. ఆయన పక్కన ఎప్పుడూ మూడడుగుల టేకు చెక్క ఉండేది. బ్రష్ రంగులో ముంచాక మొదటి గీత దాని మీద లాగాలి. పలచనైతే రంగు అక్కడే జారుతుంది, చిక్కనైతే అక్కడే ఆగుతుంది.

"గోడ మీద తప్పు చేస్తే ఊరంత సూస్తది బిడ్డా. దీని మీద చేస్తే మనమే సూస్తం," అనేవాడు.

గీత మీద గీత పడి చెక్కకు వేలెడు మందం రంగు కట్టింది. ఫ్లెక్సీలు వచ్చి పని పోయాక ఆ చెక్కను స్వర్ణ చేతిలో పెట్టాడు.

ఆమె కోదాడలో ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగ్ టీచరైంది. కిరాయి గదిలో చెక్కను ఎదురుగా పెట్టుకుని రెండేళ్లు బొమ్మలు వేసింది. మనిషి లేడు, చెట్టు లేదు. రంగు మీద రంగు, అంతే. పద్దెనిమిది పటాలు. సూర్యాపేటలో ఒక కళాసంఘం ప్రదర్శన పెడతామంది. ఆమె ఒక్కటే అడిగింది: లోపలికి రాగానే మొదట చెక్క కనిపించాలి, కింద ఏసుబాబు పేరుండాలి. సరేనన్నారు.

ఫ్రేములు కట్టింది నేను. ముందు రోజు పటాలతో పాటు చెక్కను కూడా నా చేత్తోనే సంఘం వాళ్లకు అప్పగించాను.

పొద్దున స్వర్ణ, నేను వెళ్లేసరికి అది గుమ్మం బయట నేల మీద ఉంది. పైన నాలుగైదు జతల చెప్పులు. హాలుకు సున్నం వేసినవాళ్లు వదిలేసి పోయిన చెక్క అనుకున్నారట. వెనక నేను బిగించిన కొక్కెం ఉంది. తిప్పి చూస్తే కదా. లోపల సంఘం కార్యదర్శి తులసీరాం మైకులో 'వర్ణాల అంతరంగం' మీద మాట్లాడుతున్నాడు. చెప్పుల కింద ఉన్నది రంగని గుర్తుపట్టలేని మనిషికి దాని అంతరంగం ఎట్లా తెలిసిందో నాకిప్పటికీ అర్థం కాదు.

అప్పుడే బస్సు దిగి ఏసుబాబు వచ్చాడు. చూశాడు. తన చెప్పులు మాత్రం దూరంగా మట్టిలో విడిచాడు.

"పోనీ తియ్ బిడ్డా. చెక్కనే గదా."

"నువ్వట్ల అనకు కాకా."

స్వర్ణ చెప్పుల్ని ఒక్కో జతా తీసి పక్కన పెట్టింది. కొంగుతో చెక్క తుడిచింది. లోపలికి తెచ్చి, మొదటి మేకుకున్న తన పటాన్ని దించి దీన్ని తగిలించింది.

తులసీరాం మైకు వదిలి వచ్చాడు. "చీఫ్ గెస్ట్ వచ్చే టైమైందమ్మా. ఆ పేరు చీటీ కూడా ప్రింట్ చేయించలే. తర్వాత సూద్దాం."

"ప్రింట్ ఎందుకు సార్, రాసేటాయన వచ్చిండు."

తన సంచిలోంచి ఎర్ర రంగు డబ్బా, బ్రష్ తీసి ఏసుబాబుకిచ్చింది.

"గోడ మీదనే రాయి కాకా."

"మొన్ననే సున్నం ఏసినం..." అంటున్నాడు తులసీరాం.

ఏసుబాబు బ్రష్ ముంచాడు. చెయ్యి అలవాటుగా చెక్క మీదికే పోయింది. నిలువునా ఒక ఎర్ర గీత.

"పెద్దమనిషీ, అది ఎగ్జిబిషన్ల పెట్టింది," అని తులసీరాం చెయ్యి అడ్డం పెట్టబోయాడు.

"జర పలచగున్నది," అన్నాడు ఏసుబాబు ఆయన వైపు చూడకుండా. డబ్బా అడుగుదాకా కలిపి, చెక్క మీద రెండో గీత లాగి, గోడ వైపు తిరిగాడు.