వంచి చూసిన వరస

గరాచర్మలో మేం కడుతున్న బిల్డింగ్‌కి ఈ రోజు స్లాబు వేశారు. ఉక్కు దూలం, కాంక్రీటు విడిపోకుండా పట్టుకునే, లావుపాటి మేకుల్లాంటి స్టడ్లను దూలం మీద వెల్డింగ్ చేసేది నేనే. మామూలుగా ఒకటో రెండో సుత్తితో కొట్టి వంచి చూస్తారు. ఊడకపోతే పాస్. పొద్దున చూస్తే ఒక వరసంతా వంగి ఉంది.

"అన్నీ ఎందుకు వంచావు భయ్యా?" అని ఫోర్‌మన్‌ని అడిగాను.

"మీ నాన్న భూస్థాపన అయిన మర్నాడే డ్యూటీకొచ్చీసావు కదా. ఇవి ఆ రోజువి. డౌటొచ్చింది. టెన్షన్ మత్ లే, ఒక్కటీ ఊడలేదు."

నాకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. మధ్యాహ్నానికి కాంక్రీటు వాటిని కప్పేసింది. ఆ వరస వెల్డింగ్ చేసినట్టు నాకసలు గుర్తే లేదు.

చేతులు మాత్రమే డ్యూటీకి వెళ్లొచ్చిన రోజు మీకెవరికైనా ఉందా?